నెల్లూరు చూడవచ్చేవారికి: పెన్నకు ఎగువనా, దిగువనా?

నెల్లూరును ఒకటి రెండు రోజుల్లో చూసి వెళ్ళాలనుకునేవారు సాధారణంగా రంగనాయకుల గుడి, జొన్నవాడ, మైపాడు, పెంచలకోన, ఉదయగిరి, పులికాటు అని ఒకే కాగితం మీద వరుసగా రాసుకుని బయలుదేరుతారు. ఆ కాగితంలో దూరాలూ కనబడవు, దిక్కులూ కనబడవు. జొన్నవాడ నగరానికి పడమరగా సుమారు 12 కిలోమీటర్ల చేరువలో ఉంటే, మైపాడు సముద్రతీరం తూర్పున 25 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెంచలకోన, ఉదయగిరి వేర్వేరు దారుల్లో ఉండి, ఒక్కొక్కటీ ఒక పూర్తి పగటిని తీసుకుంటాయి. అన్నీ చూడాలని తిరిగినవారు చివరకు కారులో కూర్చున్న సేపే ఎక్కువని విసుక్కుంటారు. అందుచేత ముందుగా ఒక దిక్కును నిర్ణయించుకుని, ఆ దిక్కున పడే స్థలాలను మాత్రమే తీరికగా చూడడం మేలని నా అభిప్రాయం.

ఆ నిర్ణయానికి పెన్నా నదే మంచి ఆధారం. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప సీమలను దాటి, సోమశిల దగ్గర కొండల మధ్య నుంచి బయటపడి, మొత్తం మీద సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలిసే ఈ నదికి దక్షిణపు గట్టున నెల్లూరు నగరం ఉంది. నదికి ఎగువగా వెళితే గుళ్ళు, కొండ, ఆనకట్టలు వస్తాయి. దిగువగా వెళితే గాంధీజీ అడుగుపెట్టిన ఆశ్రమం, వరి పొలాలు, రొయ్యల గుంటలు, చివరకు సముద్రం వస్తాయి. ఒక్క రోజు మాత్రమే ఉన్నవారు ఈ రెండింటిలో ఒకదాన్ని వదులుకోక తప్పదు.

నగరంలో ఏమి మిగిలింది

నగరాన్ని చూడడానికి వచ్చేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. 13వ శతాబ్దంలో విక్రమసింహపురి అన్న పేరుతో ఇది తెలుగు చోళుల రాజధాని. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి, రాజు సింహాసనం పోగొట్టుకున్నప్పుడు కాకతీయ గణపతిదేవుని దగ్గరకు వెళ్ళి సైన్యసహాయం తెచ్చినవాడూ, విరాటపర్వం మొదలుకొని 15 పర్వాల భారతాన్ని తెలుగు చేసినవాడూ అయిన తిక్కన తిరిగిన ఊరు ఇది. ఈ చరిత్ర చదువుకుని, హంపిలోనో చంద్రగిరిలోనో ఉన్నట్టు ఇక్కడ కూడా రాజప్రాసాదాలూ కోటగోడలూ కనబడతాయని ఆశించి వచ్చేవారికి నిరాశ తప్పదు. కోటమిట్ట అనే పేట పేరు వాడుకలో ఉంది గాని కోట నిలిచి లేదు. రాజధాని వైభవాన్ని కళ్ళారా చూడాలనే కోరిక బలంగా ఉన్నవారు నెల్లూరు నగరానికి ఒక పూట మాత్రమే కేటాయించి, మిగిలిన సమయాన్ని ఉదయగిరి కొండకోటకు మళ్ళించుకోవడం ఉత్తమం. నది, గుడి, వీధి, తిండి, పండుగ కలిసి నడుస్తున్న పాత ఊరిని చూడాలనుకునేవారికి మాత్రం ఒక పూట చాలదు.

నగరంలోని గుళ్ళలో ఒక్కదానికే సమయం ఉంటే రంగనాయకులపేటలోని తల్పగిరి రంగనాథస్వామి ఆలయాన్ని ఎంచుకోవాలి. ఏడంతస్తుల గాలిగోపురం దూరం నుంచే కనబడుతుంది. లోపలి అద్దాల మండపం పిల్లలకు బాగా నచ్చుతుంది. వీటికన్నా ముఖ్యమైనది ఆలయానికి వెనుకగా పెన్నా నది పారుతూ ఉండడం. నగరంలోని మిగిలిన ప్రసిద్ధ ఆలయాలలో నది కథలో ఉంటుంది, ఇక్కడ కళ్ళెదుట ఉంటుంది. ఈ గుడికి ఉదయం కంటే సాయంత్రం వెళ్ళడమే బాగుంటుంది, ఎందుకంటే పగటి ఎండ తగ్గిన తరువాత నది వైపు నుంచి వచ్చే గాలి ఆ పేటకంతటికీ హాయినిస్తుంది. మూలాపేటలోని మూలస్థానేశ్వరాలయం ఊరిలోని అతి పాత శైవక్షేత్రంగా పేరున్నది. రద్దీ ఇష్టం లేని పెద్దవారికి, ప్రశాంతంగా కూర్చోవాలనుకునేవారికి అదే సరిపోతుంది. దర్గామిట్టలోని రాజరాజేశ్వరి అమ్మవారి గుడికి నగరవాసుల రాకపోకలు ఎక్కువ, ముఖ్యంగా దసరా రోజుల్లో. అమ్మవారి భక్తులైతే తప్ప, తక్కువ సమయం ఉన్న పొరుగూరి వారు దానిని వదిలివేసినా పెద్ద లోటు ఉండదు.

స్వర్ణాల చెరువు గట్టున ఉన్న బారాషహీద్ దర్గా విషయం కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఇది సంవత్సరంలో ఎప్పుడు వెళ్ళారన్నదాన్ని బట్టి పూర్తిగా రెండు వేర్వేరు అనుభవాలను ఇస్తుంది. మామూలు రోజుల్లో పన్నెండుమంది అమరవీరుల సమాధులను దర్శించి, చెరువు గట్టున కాసేపు కూర్చుని, అరగంటలో తిరిగి రావచ్చు. మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ నాటికి అదే గట్టు లక్షల మందితో నిండిపోతుంది. కోరిక ఉన్నవారు, ఆ కోరిక తీరినవారి చేతి నుంచి చెరువు నీటిలో నిలబడి రొట్టెను అందుకుంటారు. ఆరోగ్యం, చదువు, పెళ్ళి, సంతానం, ఉద్యోగం, సొంత ఇల్లు అంటూ ఒక్కొక్క కోరికకు ఒక్కొక్క రొట్టె. కోరిక తీరిన తరువాత సంవత్సరం మళ్ళీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఏ మతం వారన్న ప్రశ్న అక్కడ తలెత్తదు. చెరువు నీటిలో జరిగే ఇటువంటి పండుగ మన ప్రాంతంలో మరొకటి కనబడదు కాబట్టి, జనసమ్మర్దాన్ని తట్టుకోగలవారు పండుగ రోజుల్లోనే రావాలని నేను గట్టిగా చెబుతాను. చంటిపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే మాత్రం పండుగకు ముందో తరువాతో రావాలి. ఆ రోజుల్లో లాడ్జీల్లో గదులు దొరకడం కష్టం, ఆటోలు సైతం దర్గాకు దూరంగానే దింపివేస్తాయి. చాంద్రమానం ప్రకారం జరిగే పండుగ కావడంతో ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. నిరుటి తేదీని చూసుకుని టిక్కెట్లు కొనకూడదు.

ఎగువకు వెళితే

నా వరకు ఒక్క రోజు ఉన్నవారికి ఎగువ దిక్కే మొదటి సలహా. కారణం సులభమైనదే. తక్కువ దూరంలో ఎక్కువ రకాల స్థలాలు ఉన్నది ఈ వైపునే, నదిని పలుచోట్ల పలు రూపాల్లో చూడగలిగేదీ ఈ వైపునే.

ఉత్తరపు గట్టున, బుచ్చిరెడ్డిపాలెం మండలంలో ఉన్న జొన్నవాడలో మల్లికార్జునస్వామితో పాటు కామాక్షితాయి కొలువై ఉంది. ఇక్కడి శ్రీచక్రాన్ని ఆదిశంకరులు ప్రతిష్ఠించారని స్థలపురాణం చెబుతుంది. గుడి ముందు నుంచి పెన్నలోకి మెట్లు దిగి ఉంటాయి. అనారోగ్యం తగ్గాలనో, మనసు కుదుటపడాలనో మొక్కుకున్నవారు ఆలయంలోనే నిద్ర చేయడం ఇక్కడి ఆచారం. వైశాఖమాసపు బ్రహ్మోత్సవాలలో ధ్వజారోహణం నాడు పంచే కొడిముద్ద అనే ప్రసాదం కోసం సంతానం లేని దంపతులు దూరాల నుంచి వస్తారు. మొక్కు ఉన్నవారు ఆ రోజుల్లోనే రావాలి, వారికి ఈ సలహాతో పనిలేదు. గుడిని, నదిని తాపీగా చూడదలచినవారు వైశాఖంలో ఎండలకూ జనానికీ వెరవక తప్పదు కనుక, కార్తీకం తరువాత చలికాలంలో వారం మధ్య రోజున రావడం మంచిది.

నరసింహకొండ దక్షిణపు గట్టున ఉంది. వేదగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయం కొండపైన ఉన్నది, సప్తర్షులు యజ్ఞం చేసిన హోమగుండాలే కోనేర్లుగా మారాయని భక్తుల విశ్వాసం. జొన్నవాడ, నరసింహకొండ రెండూ పటంలో పక్కపక్కనే ఉన్నట్టు కనబడతాయి గాని మధ్యలో నది ఉంది. దారి విషయం ముందుగా కారు డ్రైవరుతో మాట్లాడుకోకుండా బయలుదేరితే అనవసరమైన చుట్టు తిరగవలసి వస్తుంది. రెండింటిలో ఒకటే చూడగలిగిన పక్షంలో, భక్తి ప్రధానమైతే జొన్నవాడను, చూపు ప్రధానమైతే నరసింహకొండను ఎంచుకోవాలి. కొండపై నుంచి ఇసుకమేటల మధ్య పాయలుగా చీలి సాగే పెన్నను, ఆవలి గట్టున పచ్చని పొలాలను ఒకే చూపులో చూడవచ్చు. గట్టున నిలబడినప్పుడు నది ఇంత వెడల్పుగా ఉంటుందని తోచదు.

జొన్నవాడ నుంచి ఇంకా పడమరకు సాగేవారికి బుచ్చిరెడ్డిపాలెంలోని కోదండరామస్వామి ఆలయం దారిలోనే పడుతుంది. ఆ తరువాత సంగం. సంగమేశ్వరాలయం కంటే కూడా ఇక్కడ నేను చూడమనేది నది మీది బ్యారేజీని. సంగం దగ్గర, నెల్లూరు దగ్గర 19వ శతాబ్దంలో కట్టిన పాత ఆనకట్టలే పెన్నా డెల్టాలో వరి పండడానికి ఆధారంగా ఉండేవి. అవి శిథిలమవుతూ వచ్చిన తరువాత, రెండుచోట్లా కొత్త బ్యారేజీలు కట్టి 2022 సెప్టెంబరులో ప్రారంభించారు. సోమశిల జలాశయంలో నిలిచిన నీరు సంగం దాకా నది వెంబడే వచ్చి, అక్కడ కాలువల్లోకి మళ్ళి, మిగిలినది నెల్లూరు బ్యారేజీకి చేరుతుంది. నెల్లూరు జిల్లాకు వరి మీద వచ్చిన పేరంతా ఈ ఏర్పాటు మీదే నిలబడి ఉంది కాబట్టి, బడిపిల్లలు వెంట ఉన్న కుటుంబాలకు ఇంకొక గుడి చూపించడం కన్నా ఈ బ్యారేజీ దగ్గర ఒక గంట గడపడం ఎక్కువ ఉపయోగం. సోమశిల దాకా వెళ్ళాలా అన్న ప్రశ్నకు నా సమాధానం జలాశయం నిండి గేట్లు ఎత్తిన రోజుల్లో తప్ప వద్దు అనే. నగరం నుంచి సుమారు 80 కిలోమీటర్లు వెళ్ళి, అడుగంటిన నీటిని చూసి తిరిగి రావడంలో సంతోషం లేదు.

దిగువకు వెళితే

తూర్పు దారిలో అందరూ మైపాడు గురించే చెబుతారు. నేను పల్లిపాడు గురించి ముందు చెబుతాను. ఇందుకూరుపేట మండలంలో పెన్నా గట్టున ఉన్న ఈ పల్లెలో పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీజీ స్వయంగా ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య దీనిని నడిపించిన తొలితరం కార్యకర్తలు. పొణకా కనకమ్మ స్థలమిచ్చి అండగా నిలిచారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి సన్నిహితుడైన పార్శీ రుస్తుంజీ పంపిన విరాళంతో కట్టిన భవనం ఇక్కడ ఉంది. చూడవలసినవి ఎక్కువగా లేవు కనుక, సందడి కోరేవారికి ఇది రుచించదు. జాతీయోద్యమ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి మాత్రం నగరంలోని ఏ స్థలం కంటే కూడా ఇదే ఎక్కువ విలువైనది. మైపాడు వెళ్ళి కూడా దీనిని చూడకుండా తిరిగివచ్చేవారే ఎక్కువమంది కావడం నాకు ఎప్పుడూ అర్థం కాని సంగతి.

ఇక మైపాడు. సముద్రాన్ని ఎన్నడూ చూడని రాయలసీమ, తెలంగాణ చుట్టాలు వెంట ఉంటే తప్పకుండా వెళ్ళండి. తెల్లవారుజామున అయితే సూర్యోదయమూ, వలలతో ఒడ్డుకు చేరే పడవలూ రెండూ దొరుకుతాయి. ఒంగోలు వైపు నుంచి వచ్చేవారికి కొత్తపట్నం తీరం ఇంటికి దగ్గరలోనే ఉన్నది కదా, వారు మళ్ళీ అటువంటి ఇసుకనే చూడడానికి నెల్లూరులో సగం రోజు ఖర్చు చేయడం నాకు సమంజసంగా తోచదు. ఆదివారం సాయంత్రాల్లో మైపాడులో రద్దీ ఎక్కువ. కోడూరు వైపు తీరం కొంత నెమ్మదిగా ఉంటుంది, అక్కడి వేళాంగణి మాత చర్చికి వచ్చే యాత్రికులు కూడా ఉంటారు.

స్నానాల విషయంలో రెండు దిక్కులకూ జాగ్రత్త ఒకటే. పెన్నలో ఇసుక తీసిన గుంటలు నీటి కింద కనబడవు, మోకాటి లోతనుకున్న చోట అడుగు అందకపోవచ్చు. మైపాడులో అలల లాగుడు బలంగా ఉంటుంది. పిల్లలను జొన్నవాడ మెట్ల మీదే ఉంచి చెంబుతో నీళ్ళు పోయడం ఈ రెండింటికంటే నయం.

ఒక రోజంతా కావలసినవి

పెంచలకోన, ఉదయగిరి, పులికాటు మూడింటినీ నెల్లూరు యాత్రలో భాగంగా కాక విడి ప్రయాణాలుగా భావించాలి. రాపూరు మండలంలో, వెలికొండల నడుమ ఉన్న పెంచలకోన నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరం. పెనుశిల లక్ష్మీనరసింహస్వామి గుడి, అడవి, వానల తరువాత జలపాతం కలిసి ఉండడం వల్ల మూడు తరాల కుటుంబానికి ఈ మూడింటిలో ఇదే అనువైనది.

ఉదయగిరి మోకాళ్ళు గట్టిగా ఉన్నవారి కోసం. సముద్రమట్టానికి 3,000 అడుగులకు పైగా ఉన్న కొండ మీది ఈ దుర్గాన్ని గజపతుల చేతి నుంచి గెలుచుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదిన్నర ముట్టడి పట్టింది. 1514లో కోట లొంగిన తరువాత ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకుపోయి, దాని కోసమే కృష్ణాలయం కట్టించారు. కాబట్టి హంపి చూసినవారికి ఉదయగిరి, ఆ కథకు మొదటి సగం. కొండ ఎక్కి దిగడానికి పగలంతా పడుతుంది. మార్చి నుంచి జూన్ వరకు ఆ ఆలోచనే పెట్టుకోవద్దు, మిగిలిన నెలల్లోనూ తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టి, నీళ్ళూ తిండీ మోసుకుపోవాలి. ఎక్కలేనివారు కింది ఊరిలో చెక్కతో చేసే గరిటెలు, చెంచాలు చూసి కొనుక్కోవచ్చు గాని, దాని కోసమే 100 కిలోమీటర్లు రావలసిన పనిలేదు. కనిగిరి, పామూరు ప్రాంతాల వారు నెల్లూరు మీదుగా ఉదయగిరికి వెళ్ళడం అర్థం లేని పని. వారు నేరుగా వెళ్ళి, వీలైతే మరునాడు సి.ఎస్.పురం మండలంలోని భైరవకోనలో ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలను కూడా చూసుకోవచ్చు.

పులికాటు సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం చెన్నై దారిలో సూళ్ళూరుపేట వైపు ఉన్నాయి. అక్టోబరు నుంచి మార్చి వరకు నేలపట్టులోని చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్య నుంచే సాగుతుంది కాబట్టి రాజహంసలను రోడ్డు మీద నుంచే చూడవచ్చు. చెన్నై నుంచి వచ్చేవారు దారిలో వీటిని చూసుకుని నెల్లూరు చేరడం సహజమైన క్రమం. ఉత్తరం నుంచి వచ్చేవారికి పక్షుల మీద నిజమైన ఇష్టం లేకపోతే అంత దూరం అనవసరం.

ఎప్పుడు రావాలి, ఎలా రావాలి

పెన్నను నీటితో చూడాలంటే అక్టోబరు మొదలుకొని జనవరి వరకు మంచి కాలం. ఈ జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలే ముఖ్యం. అయితే అవే నెలల్లో వాయుగుండాలు కూడా వస్తాయి. 2021 నవంబరులో వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి, జాతీయ రహదారి సైతం తెగింది. వాతావరణ హెచ్చరిక ఉన్నప్పుడు టిక్కెట్టు డబ్బులు పోయినా సరే ప్రయాణం మానుకోవడమే వివేకం. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా వాన తెరిపిచ్చి, నదిలో ఇంకా నీరుండి, ఎండ ముదరని రోజులు దొరుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పెన్నలో ఎక్కువ భాగం ఇసుకే కనబడుతుంది, బ్యారేజీలకు ఎగువన మాత్రం నీరు నిలిచి ఉంటుంది. ఫాల్గుణంలో రంగనాథస్వామి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. రథోత్సవం చూడదలచినవారు అప్పటి ఎండకు సిద్ధపడి రావాలి.

ఒంగోలు, చీరాల, బాపట్ల వైపు వారు పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి, సాయంత్రం అదే పేరున్న బండిలో తిరిగిపోవాలనుకుంటారు. ఖర్చు తక్కువే గాని ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. బండి నెల్లూరు చేరేసరికి పొద్దెక్కుతుంది, తిరుగు బండి సాయంత్రం చీకటి పడకముందే వెళ్ళిపోతుంది. మధ్యలో మిగిలే సమయంలో ఎక్కువ భాగం గుళ్ళు తలుపులు మూసే మధ్యాహ్నపు వేళే. రైలులోనే రావాలనుకుంటే ముందు రోజు సాయంత్రం చేరి, రాత్రి నగరంలో బస చేసి, మరునాడు తెల్లవారుజామున జొన్నవాడకు బయలుదేరడం మంచిది. బస్సులో పడమటి గ్రామాలకు వెళ్ళేవారికి ఆత్మకూరు బస్టాండు అనుకూలం. కొండ, గుడి, బ్యారేజీ మూడూ ఒకే పూటలో కావాలంటే మాత్రం కారు మాట్లాడుకోక తప్పదు.

గుళ్ళు మూసి ఉండే ఆ మధ్యాహ్నాన్ని భోజనానికి ఉంచుకోండి. మాంసాహారులకు చేపల పులుసు సంగతి నేను చెప్పనవసరం లేదు. మామిడికాయల కాలంలో ఆ ముక్కలు వేసి వండినది దొరికితే అదే తీసుకోండి, రొయ్యల వంటల కన్నా అదే నెల్లూరు రుచి. శాకాహారులు కారం దోసెతో ఉదయాన్నే తృప్తిపడవచ్చు. ఒకప్పుడు ఇక్కడి బియ్యమంటే మొలగొలుకులే. ఇప్పుడు హోటలు భోజనంలో ఆ బియ్యాన్ని ఆశించకండి. ఇంటికి తీసుకుపోవడానికి మలై కాజా కొనేటప్పుడు ఎన్ని రోజులు నిలవ ఉంటుందో దుకాణంలో అడిగి, పాలతో చేసిన మిఠాయి కనుక తిరుగు ప్రయాణం రోజునే కొనండి.